కంటికి ఆనని బండి

వెనుకటి రోజులలో ఎడ్లబండి రాత్రి ప్రయాణానికి బయలుదేరే ముందు బండివాడు ఒక లాంతరు వెలిగించి బండి కింద వేలాడదీసేవాడు. ఆ వెలుతురులో దారి ఏమంత కనిపించేది కాదు. దారి ఎడ్లకు తెలుసు. బండివాడు కునుకు తీసినా అవి ఇల్లు చేర్చేవి. ఆ దీపం చూడటానికి కాదు, కనబడటానికి. ‘ఇక్కడ ఒక బండి ఉన్నది’ అని ముందు నుంచి వచ్చేవారికీ, వెనుక నుంచి వచ్చేవారికీ తెలియజేయడమే దాని పని. దీపం లేకుండా రాత్రిపూట సైకిలు తొక్కినందుకు పోలీసులు పట్టుకొని జరిమానా వేసిన కాలం కూడా ఒకటి ఉండేది. ఆ తరంవారు నేటికీ ఆ ముచ్చట చెప్పి నవ్వుకుంటారు.

విజయనగరం నడిబొడ్డున, పైడితల్లి అమ్మవారి గుడి ఉన్న కూడలిని ‘మూడు లాంతర్లు’ అంటారు. విద్యుద్దీపాలు లేని కాలంలో దారులు కలిసే చోట బాటసారులకు వెలుగు చూపిన స్తంభం పేరిట ఆ కూడలికి ఆ పేరు నిలిచింది. 2020లో ఆ పాత కట్టడాన్ని తొలగించినప్పుడు పట్టణంలో నిరసనలు చెలరేగాయి. అది కేవలం పాత రాయి మీద మమకారం కాకపోవచ్చు. దారులు కలిసే చోట దీపం ఉండాలనే పూర్వుల ఎరుక ఆ పేరులో ఉన్నది.

ఇప్పుడు ఆ కూడలిలోనూ, శ్రీకాకుళంలోని ఏడు రోడ్ల కూడలిలోనూ, ఏ కూడలిలోనైనా సరే, సాయంకాలం ఒక గంటసేపు నిలబడితే ఒక దృశ్యం తప్పక కంటబడుతుంది. కారు మలుపు తిరుగుతుంది. మోటారు సైకిలు మీద వచ్చే వ్యక్తి చివరి క్షణంలో బ్రేకు వేసి, కాలు నేలకు ఆనించి, తూలి నిలదొక్కుకుంటాడు. రెండు మాటలు అటూ ఇటూ విసురుకుంటారు. కారు నడిపే వ్యక్తి నోట వచ్చే మాట సాధారణంగా ఒక్కటే: ‘కనబడలేదండీ’. ఆ మాట వినగానే ఎదుటివానికి ఒళ్ళు మండుతుంది. పట్టపగలు, చదునైన రోడ్డు మీద, ఇంత మనిషి ఇంత బండి మీద వస్తుంటే కనబడకపోవడమేమిటి? అబద్ధమైనా ఆడుతూ ఉండాలి, అశ్రద్ధగానైనా నడుపుతూ ఉండాలి అని చుట్టూ చేరినవారు తీర్పు చెబుతారు.

చాలా సందర్భాలలో ఆ మాట నిజమే కావడం ఇందులోని చిక్కు. కారు నడిపే వ్యక్తి నిజంగానే అటువైపు చూస్తాడు. చూసి కూడా చూడడు. తెలుగులో ‘కంటికి ఆనడం’ అని ఒక పలుకుబడి ఉన్నది. దానికి కనబడటం అని ఒక అర్థం, లెక్కలోకి రావడం అని మరొక అర్థం. రోడ్డు మీద ద్విచక్ర వాహనం ఈ రెండు అర్థాలలోనూ కంటికి ఆనదు. మొదటి దానికి కారణం కన్ను. రెండవ దానికి కారణం మనసు. మొదటి దానికి మందు చవక. రెండవ దానికి మందు కొంచెం కష్టం. శిరస్త్రాణం గురించి జరిగినంత ప్రచారం ఈ విషయం గురించి జరగలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. అది ఎంతో మేలైన నిబంధన. అయితే శిరస్త్రాణం పని మొదలయ్యేది ప్రమాదం జరిగిన తరువాత. కనబడటం అన్నది ప్రమాదం జరగకముందు చేయవలసిన పని.

2022లో భారతదేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. ఏ జిల్లాలోనైనా ఆసుపత్రి ఎముకల విభాగంలోని మంచాలను చూస్తే ఈ లెక్కకు సాక్ష్యం దొరుకుతుంది.

కన్ను చేసే మోసం ఎలాంటిదో ముందుగా తెలుసుకోవాలి. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు వెడల్పు ముప్పాతిక మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కారు వెడల్పు అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఎనభై మీటర్ల దూరంలో ఉన్న మోటారు సైకిలు చేయి చాచి పట్టుకొన్న శనగగింజకు మించి వెడల్పు కనబడదు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వస్తే ఆ శనగగింజ అయిదు సెకన్లలోపే కారు దగ్గరకు వచ్చి పడుతుంది. పక్కదారి నుంచి పెద్దరోడ్డు మీదికి ఎక్కే కారుకు కావలసిన సమయం కూడా దాదాపు అంతే. ఇంకొక ఇబ్బంది ఉన్నది. పక్కకు కదిలే వస్తువును కన్ను ఇట్టే పసిగడుతుంది. సూటిగా తనవైపే వచ్చే వస్తువు పక్కకు కదలదు, ఉన్నచోటనే కొద్దికొద్దిగా పెద్దదవుతుంది. ఆ పెరుగుదల చాలాసేపు తెలియనంత నెమ్మదిగా సాగి, చివరికి ఒక్కసారిగా మీద పడినట్లు అనిపిస్తుంది. అందువల్లనే ‘ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలియదు’ అని కారు నడిపేవారు అంటారు. పైగా చిన్న వస్తువు దూరంగా ఉన్నదనీ, నెమ్మదిగా వస్తున్నదనీ అనుకోవడం మనిషి కన్నుకు అలవాటు. ఒకే వేగంతో లారీ, మోటారు సైకిలు వస్తుంటే లారీకి దారి ఇచ్చి ఆగే మనిషి మోటారు సైకిలు ముందు నుంచి దూసుకుపోవడానికి సాహసించడంలో భయం పాలెంత ఉన్నదో, ఈ భ్రమ పాలూ అంత ఉన్నది.

కారు నిర్మాణం కూడా ఇందుకు తోడవుతుంది. ముందు అద్దానికీ పక్క తలుపుకూ మధ్య ఉండే స్తంభం కారు బోల్తాపడినప్పుడు లోపలివారిని కాపాడుతుంది. కాబట్టి దానిని బలంగా, లావుగా చేస్తారు. ఆ లావులో కొంత దూరాన ఉన్న మోటారు సైకిలు మనిషితో సహా పూర్తిగా దాగిపోగలదు. కారు, మోటారు సైకిలు ఒకే కూడలివైపు తగిన వేగాలతో వస్తుంటే ఆ చాటు తొలగకుండా కొన్ని సెకన్ల పాటు అలాగే కొనసాగుతుంది. కారులోని మనిషి తల కొంచెం ముందుకు వంచితే చాలు, చాటు తొలగుతుంది. ఆ మాట చెప్పే డ్రైవింగు గురువులు అరుదు.

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1981లో నివేదిక వెలువరించింది. మరొక వాహనంతో ఢీకొన్న ప్రమాదాలలో మూడింట రెండు వంతులకు కారణం ఆ రెండవ వాహనం మోటారు సైకిలుకు దక్కవలసిన దారిని ఆక్రమించడమే అని తేలింది. ఆ డ్రైవర్లు మోటారు సైకిలును అసలు గమనించలేదు, లేదా గమనించేసరికి ఆలస్యమైపోయింది. కారు కోసం, లారీ కోసం వెతికే చూపు వాటినే చూస్తుంది. వెతకని దానిని చూసినా మనసు నమోదు చేసుకోదు. తప్పిపోయిన మేకను వెతికే కాపరికి పొదలోని కుందేలు కనబడనట్లే ఇదీను.

ఇక శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల విషయానికి వస్తే, ఇక్కడి రోడ్డు మీద మోటారు సైకిలు వినోద వస్తువు కాదు. అది అన్నం పెట్టే సాధనం. తెల్లవారకముందే తీరం నుంచి చేపల పెట్టెలు కట్టుకొని లోపలి ఊళ్ళకు బయలుదేరే మోపెడ్లు, రెండు వైపులా పాల క్యాన్లు వేలాడే బండ్లు, పలాస జీడి పరిశ్రమలకు వెళ్ళే కూలీలు, పైడిభీమవరం కర్మాగారాలలో రాత్రి విధులు ముగించుకొని నిద్రకళ్ళతో ఇళ్ళకు మళ్ళే యువకులు, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయానికి ఇద్దరేసి ముగ్గురేసి ఎక్కి వచ్చే విద్యార్థులు – వీరందరి జీవనమూ ఈ రెండు చక్రాల మీదనే నడుస్తున్నది. సాలూరు ఘాటు దారిలో కొండ మీది ఊళ్ళ బడులకు వెళ్ళే ఉపాధ్యాయులకు కూడా అదే ఆధారం.

వీరి బండ్లను ఒక్కసారి వెనుక నుంచి చూడాలి. చేపల పెట్టె వెనుక దీపాన్ని పూర్తిగా కప్పివేస్తుంది. పాల క్యాన్లు రెండు వైపులా ఉన్న మలుపు దీపాలను మింగేస్తాయి. పచ్చగడ్డి మోపు కట్టిన బండికి దీపమే కాదు, బండే కనబడదు. గడ్డి తనంతట తాను నడిచిపోతున్నట్లుంటుంది. తయారీదారు ఎంతో లెక్క చూసి అమర్చిన ఎర్ర దీపం, దాని కిందనున్న ఎర్ర అద్దపు బిళ్ళ బరువు వెనుక వ్యర్థంగా వెలుగుతుంటాయి. 2022 నాటి జాతీయ నివేదికలో ఢీకొన్న తీరును బట్టి చేసిన విభజన చూస్తే వెనుక నుంచి ఢీకొన్న ప్రమాదాలే అన్నిటికన్నా ఎక్కువ. అంటే బతుకు బరువు ఎక్కువగా మోసేవాడే రోడ్డు మీద తక్కువగా కనబడుతున్నాడు.  కట్టిన పెట్టెను గురించి ఆలోచించినవారు తక్కువ.

దీపం సంగతి వచ్చింది కనుక పగటి దీపం గురించి చెప్పుకోవాలి. మలేషియాలో మోటారు సైకిళ్ళు పగలు కూడా ముందు దీపం వెలిగించి నడపాలని 1992లో నిబంధన తెచ్చారు. ఆ దేశపు రోడ్లు, ఎండ, వాన, ద్విచక్ర వాహనాల రద్దీ అన్నీ ఆంధ్రదేశానికి దగ్గరగా ఉంటాయి. కనబడకపోవడం వల్ల జరిగే ప్రమాదాలు ఆ నిబంధన తరువాత దాదాపు 29 శాతం తగ్గినట్లు అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. భారతదేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజను తిరుగుతున్నంతసేపూ దీపం వెలిగి ఉండే ఏర్పాటు తప్పనిసరి అయింది. దీపం ఆర్పే మీట లేకుండానే బండ్లు వచ్చాయి.

ఆ కొత్త బండ్లు ఊళ్ళలోకి వచ్చిన తొలిరోజులు తలచుకుంటే నవ్వు వస్తుంది. పట్టపగలు దీపంతో వెళ్ళే ప్రతి బండిని చూసి ఎదురు వచ్చేవారందరూ గుప్పిట మూసి తెరిచి సైగ చేసేవారు. టీ దుకాణం దగ్గర కూర్చున్నవారు ‘లైటూ, లైటూ’ అని కేకలు వేసేవారు. బండి యజమాని చేయి ఊపి, తల ఊపి, విసిగి వేసారి, చివరికి మెకానిక్కు దగ్గరకు వెళ్ళి ‘దీనికో స్విచ్చి పెట్టించు’ అనేవాడు. అలా పెట్టించుకున్నవారు ఉన్నారు. బ్యాటరీ పాడవుతుందని కొందరు, పగటి దీపం దండగని కొందరు. నిజానికి ఆ సైగలు చేసిన ప్రతి ఒక్కరూ ఆ దీపం పనిచేస్తున్నదని రుజువు చేసినవారే. దూరం నుంచే ఆ బండి వారి కంటికి ఆనింది కనుకనే వారు చేయి ఊపారు. అంతకన్నా గొప్ప ప్రయోగం ఏ పరిశోధనాలయంలో జరుగుతుంది?

2017కు ముందు కొన్న బండ్లు పల్లెలలో ఇంకా తిరుగుతున్నాయి. వాటికి మీట ఉన్నది. బయలుదేరేటప్పుడు దానిని నొక్కడానికి ఖర్చు లేదు. దీపం మీద పేరుకొన్న బురదను గుడ్డతో తుడవడానికీ ఖర్చు లేదు. వరినాట్ల కాలంలో గెడ్డ దాటి వచ్చిన బండి దీపం చూస్తే అది దీపమో, మట్టిముద్దో చెప్పడం కష్టం.

అయితే దీపం ఎక్కువైనా కీడే. పైకి చూసే తీక్ష్ణమైన వెలుగును ఎదుటివారి ముఖం మీద కొట్టుకుంటూ పోయేవారు తాము బాగా కనబడుతున్నామని భ్రమపడతారు. వారి దీపం మాత్రమే కనబడుతుంది. వారు ఎంత దూరంలో ఉన్నారో, ఎంత వేగంతో వస్తున్నారో తెలియదు. పైగా వారి పక్కన దీపం లేక నడిచే మనిషి ఆ వెలుగులో మాయమైపోతాడు. పూర్వం హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు పూసేవారు. ఆ మోటు పద్ధతిలో ఎదుటివాని కన్ను మీద కొంత దయ ఉండేది. రాత్రివేళ మరో చిక్కు కూడా ఉన్నది. రెండు దీపాల నడుమ ఎడాన్ని బట్టి కారు దూరాన్ని కన్ను అంచనా కడుతుంది. ఒంటి దీపానికి ఎడం లేదు. అందుకే రాత్రిపూట మోటారు సైకిలు దూరం ఎవరికీ సరిగా అందదు. ఒక దీపం చెడిన ఒంటికన్ను లారీ మోటారు సైకిలులాగా నటిస్తూ వస్తుంది. దాని వల్ల బలయ్యేది మళ్ళీ మోటారు సైకిలు నడిపేవాడే.

ఈ ప్రాంతంలో సూర్యుడు కూడా ఒక పాత్రధారి. అరసవల్లిలో ఏడాదికి రెండు తడవలు, మార్చిలోను అక్టోబరులోను, ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ దృశ్యం కోసం జనం బారులు తీరుతారు. అదే సూర్యుడు రోడ్డు మీద మాత్రం అంత ప్రసన్నుడు కాడు. జాతీయ రహదారి రణస్థలం నుంచి శ్రీకాకుళం వైపు ఇంచుమించు ఈశాన్య దిశగా సాగుతుంది. వేసవి ఉదయాన అటు వెళ్ళేవారికి సూర్యుడు కంటికెదురుగా ఉంటాడు. శీతకాలపు సాయంకాలం అదే దారిలో వెనుకకు వచ్చేవారికి అస్తమించే సూర్యుడు ఎదురవుతాడు. ఆ వేళలలో ఎండకు ఎదురుగా ఉన్న డ్రైవరుకు ముందు వెళ్ళే మోటారు సైకిలు ఒక నల్లని గీత మాత్రమే. మోటారు సైకిలు నడిపేవాడికి మాత్రం అద్దంలో వెనుకవన్నీ సుస్పష్టంగా కనబడవచ్చు. తనకు కనబడుతున్నది కనుక తాను కూడా కనబడుతున్నాననుకోవడం ఆ వేళ చాలా ప్రమాదకరం. పుష్యమాసపు తెల్లవారుజామున నాగావళి, వంశధార పరీవాహకంలో మంచు కమ్మినప్పుడు కూడా ఇదే తీరు.

దుస్తుల విషయం యువకులకు రుచించకపోవచ్చు. కళాశాల ప్రాంగణంలో నిలిపిన బండ్ల మీద వేలాడే శిరస్త్రాణాలను లెక్కపెడితే నల్లనివే ఎక్కువ. నల్ల చొక్కా, నల్ల బండి, నల్ల శిరస్త్రాణం – సినిమా కథానాయకుని ప్రభావం కాబోలు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ ప్రాంతంలో జరిపి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం వెలుగును తిప్పికొట్టే లేదా మెరిసే రంగు పైవస్త్రం ధరించినవారికి ప్రమాదపు ముప్పు 37 శాతం తక్కువ. నల్ల శిరస్త్రాణం ధరించినవారితో పోలిస్తే తెల్లది ధరించినవారికి 24 శాతం తక్కువ. నల్లదాని ధర, తెల్లదాని ధర ఒక్కటే. ఉత్తరాంధ్ర ఎండలో తెల్లది తలకు చల్లన కూడా. వెనుకటి పెద్దలు తెల్లటి పంచె కట్టి, భుజాన తెల్లని కండువా వేసుకొని చీకటిలో నడిచేవారు. వారిని దూరం నుంచి గుర్తుపట్టడం తేలిక.

రంగుకూ, వెలుగును తిప్పికొట్టే పట్టీకీ తేడా ఉన్నది. చిలకపచ్చ, నారింజ వంటి మెరిసే రంగులు పగటివేళ పనిచేస్తాయి, చీకటిలో అవీ అన్ని రంగులలాగే మసకబారతాయి. తిప్పికొట్టే పట్టీలో అతి సన్నని గాజుపూసలు ఉంటాయి. అవి తమ మీద పడిన వెలుగును నలుదిక్కులకూ చెదరగొట్టకుండా వచ్చిన దారినే వెనుకకు పంపుతాయి. కాబట్టి ఆ పట్టీ డ్రైవరు కంటికి దీపంలా వెలుగుతుంది. పిల్లి కళ్ళు చీకటిలో మెరిసినట్లే ఇదీను. ఇంగ్లండులో పెర్సీ షా అనే వ్యక్తి 1934లో రోడ్డు మధ్య అమర్చే గాజు బిళ్ళలకు పేటెంటు పొంది వాటికి ‘పిల్లి కళ్ళు’ అనే పేరే పెట్టాడు. ఈ పట్టీకి బ్యాటరీ అక్కరలేదు, తీగ అక్కరలేదు. చేపల పెట్టె వెనుక, పాల క్యాను పక్కన, శిరస్త్రాణం వెనుక ఎక్కడైనా అతుకుతుంది.

ఇంతవరకు చెప్పినది మోటారు సైకిలు నడిపేవారి వంతు. ఇక్కడే ఆగిపోతే అన్యాయమవుతుంది. రోడ్డు భద్రతా వారోత్సవాలలో వినిపించే మాటలన్నీ బలహీనునికే ఉపదేశాలు. శిరస్త్రాణం పెట్టుకో, దీపం వేసుకో, తెల్లది తొడుక్కో. ఎనిమిది, తొమ్మిది వందల కిలోల ఇనుమును నడిపే మనిషికి ‘చూడు’ అని చెప్పేవారు ఎందరు? ప్రమాదం జరిగితే కారుకు సొట్ట పడుతుంది, మోటారు సైకిలు మీది మనిషికి ప్రాణం పోతుంది. నష్టం ఇంత అసమానంగా ఉన్నప్పుడు బాధ్యత కూడా సమానంగా పంచడం న్యాయం కాదు. ఎదుటివానికి ఎక్కువ హాని చేయగలవాని మీదే ఎక్కువ బాధ్యత ఉండాలి.

కారు నడిపేవారి వాదన కూడా తీసిపారేయదగినది కాదు. మోటారు సైకిళ్ళు పాముల్లా మెలికలు తిరుగుతాయనీ, బస్సుకూ లారీకీ మధ్య సందులోంచి దూరుతాయనీ, అద్దంలో కనబడని చోటనే వెంటాడుతూ వస్తాయనీ వారి ఫిర్యాదు. ఇందులో నిజం ఉన్నది. కారు పక్క అద్దంలో డ్రైవరు ముఖం తనకు కనబడకపోతే తాను కూడా డ్రైవరుకు కనబడనని మోటారు సైకిలు నడిపే ప్రతివాడూ గుర్తుంచుకోవాలి. ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు ముందు నుంచి ఒక్కసారిగా బయటకు వచ్చే బండిని ఏ కన్నూ ముందుగా చూడలేదు. కాని ఈ తప్పులన్నీ చేయకుండా తన వరుసలో తాను తిన్నగా వెళ్ళేవాడు కూడా దెబ్బతింటున్నాడు. ఆ మనిషి విషయంలో ఈ వాదన చెల్లదు.

రోడ్డు వేసినవారి వంతు మరొకటి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే ఈ రహదారిని ఒకప్పుడు అయిదవ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు అది పదహారు. ఆనందపురం నుంచి రణస్థలం మీదుగా నరసన్నపేట వరకు ఆరు వరుసలుగా విస్తరించింది. వెడల్పు పెరిగింది, వేగం పెరిగింది. రోడ్డు పక్క ఊళ్ళు మాత్రం రెండుగా చీలిపోయాయి. ఇల్లు ఒక పక్క, పొలం మరొక పక్క. బడి ఒక పక్క, రేషను దుకాణం మరొక పక్క. దాటే చోటు దూరమైతే, అంత దూరం పోయి తిరిగి రావడానికి పెట్రోలు దండగని రైతు అడ్డదారిన ఎదురు దిశలో వస్తాడు. పక్కదారి నుంచి రోడ్డెక్కే డ్రైవరు వాహనాలు వచ్చే కుడివైపే చూస్తాడు. ఎడమవైపు నుంచి ఎదురు వచ్చే మోపెడ్ అతని ఊహలోనే ఉండదు. ఆ మోపెడ్‌కు పది దీపాలు కట్టినా కనబడదు, అటు చూపే లేదు కనుక. ఎదురు దిశలో రావడం నిశ్చయంగా తప్పే. ఆ తప్పు చేయక తప్పని విధంగా దారి వేయడం అంతకన్నా పెద్ద తప్పు. ఊరికి దగ్గరగా అండర్‌పాసు, దానికి ఆనుకొని సర్వీసు రోడ్డు, మలుపుల దగ్గర రాత్రి దీపాలు ఉన్నచోట రైతు ఎదురు దిశలో రావలసిన అవసరమే ఉండదు.

రాత్రివేళ ఈ దారి పెద్ద వాహనాలలో వెళ్ళేవారి మీద కూడా దయ చూపలేదు. శ్రీకాకుళం ప్రజలు ఎంతగానో అభిమానించిన పార్లమెంటు మాజీ సభ్యుడు కింజరాపు ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న రణస్థలం సమీపంలోని దండానపేట దగ్గర, ప్రయాణిస్తున్న కారు చమురు ట్యాంకరును ఢీకొనడంతో కన్నుమూశారు. ఆ దారిలోనే, అదే చీకటిలో, చేపల పెట్టె కట్టిన మోపెడ్ ప్రతిరోజూ పోతున్నది.

డ్రైవింగు లైసెన్సు కోసం వచ్చేవారి చేత మోటారు సైకిలు మీద ‘ఎనిమిది’ అంకె ఆకారంలోను, కారుతో ఆంగ్ల అక్షరం ‘హెచ్’ ఆకారంలోను నడిపిస్తారు. చేతికీ కాలికీ పరీక్ష జరుగుతుంది. కంటికి పరీక్ష జరగదు. దూరపు అక్షరాలు చదవగలగడం చూపు బాగుందనడానికి రుజువే గాని, చూసే అలవాటు ఉందనడానికి రుజువు కాదు. పెద్దరోడ్డు ఎక్కేముందు కుడివైపు, ఎడమవైపు చూసి, మళ్ళీ కుడివైపు రెండవసారి చూశాడా? ఆ రెండవ చూపులో ఒక్క క్షణం నిలిచాడా? తల ముందుకు వంచి స్తంభం చాటున ఏముందో గమనించాడా? కన్ను ఒకచోటి నుంచి మరొకచోటికి దూకేటప్పుడు మధ్యలో ఉన్నది మెదడుకు అందదు. అందుకే గబగబా తల తిప్పి చూసేవాడు రోడ్డంతా చూశాననుకుంటాడు. నిజానికి అతడు రెండు చివరలు మాత్రమే చూస్తాడు. ఇది నేర్పితే వచ్చే విద్య. పరీక్షలో అడిగితే నేర్చుకుంటారు. అడగని దానిని నేర్చుకునేవారు ఏ చదువులోనైనా కొద్దిమందే.

ఆగిన కారు తలుపు కూడా అలాంటిదే. శ్రీకాకుళం జి.టి. రోడ్డులో దుకాణాల ముందు వరుసగా కార్లు ఆగి ఉంటాయి. వాటిని రాసుకుంటూ ద్విచక్ర వాహనాలు పోతుంటాయి. కారులోని వ్యక్తి వెనుకకు చూడకుండా కుడి చేత్తో తలుపు తెరిస్తే అది వచ్చేవాని ఛాతీకి గోడవుతుంది. నెదర్లాండ్స్‌లో డ్రైవర్లకు తలుపుకు దగ్గరి చేత్తో కాక దూరపు చేత్తో తలుపు తీయడం నేర్పుతారు. ఇక్కడి కారులో అది ఎడమ చేయి. ఎడమ చేయి కుడి తలుపును అందుకోవాలంటే ఒళ్ళు తిరగాలి, ఒళ్ళు తిరిగితే తల తిరుగుతుంది, తల తిరిగితే వెనుక వచ్చే బండి కనబడుతుంది. ఇంతకన్నా చవకైన భద్రతా సాధనం లేదు. ఇంటిలో కారు ఉన్న విద్యార్థి ఈ సాయంకాలమే తండ్రికి చూపించవచ్చు. మొదట రెండు రోజులు ఆయన విసుక్కుంటారు.

చేపల పెట్టె, పాల క్యాను, గడ్డి మోపు విషయంలో మాత్రం ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూడవలసిన పని లేదు. ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి ముచ్చటపడే రైతుకు కొమ్ములకూ బండికీ పట్టీ అతికించమంటే అభ్యంతరం ఉండదు. వారపు సంతలలో సెల్‌ఫోను తొడుగులు అమ్మే దుకాణం పక్కనే ఈ పట్టీల చుట్ట కూడా అమ్మకానికి పెట్టవచ్చు. రవాణా శాఖ జరిమానాల సొమ్ములో కొద్దిభాగంతో కొని తెల్లవారుజామున చేపల రేవు దగ్గరే పంచిపెట్టవచ్చు. కళాశాలలోని జాతీయ సేవా పథకం విద్యార్థులు ఒక ఆదివారం పాల కేంద్రం ముందు నిలబడితే ఆ ఊరి బండ్లన్నీ ఒక్క పూటలో పూర్తవుతాయి. పెట్టె వెనుక జానెడు ఎర్ర పట్టీ, దానికి రెండు వైపులా తెల్ల పట్టీ ముక్కలు. తడి పెట్టె మీద పట్టీ అంటదు కనుక ముందుగా గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఆ తరువాతనే అతికించాలి.